యాత్రారచనలో ఉపమానం

తెలుగులో విదేశయాత్రా రచనలు నానాటికీ పెరుగుతున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే వాటిని ఒకదాని వెంట ఒకటిగా చదివే విమర్శకునికి ఒక సందేహం కలుగక మానదు. దేశాలు మారుతున్నవి, రచయితలు మారుతున్నారు. రసాలు మాత్రం రెండే నిలుస్తున్నవి. ఒకటి ఆశ్చర్యం, రెండవది ఆవకాయ. పగలు ఎత్తైన మేడలను చూచి ఆశ్చర్యపడడం, రాత్రి బసకు చేరి పెట్టెలో తెచ్చుకొన్న ఆవకాయ సీసా మూత విప్పడం: ఈ రెండింటి నడుమ, చూడబోయిన దేశం కాస్తా జారిపోతున్నది. ఆవకాయను నేను నిందించడం లేదు. అది లేనిదే ముద్ద దిగని ఇంట పుట్టినవాణ్ణే. నా ఫిర్యాదు ఆవకాయ మీద కాదు, ఉపమానం మీద.

కొత్తదాన్ని చూచిన యాత్రికునికి చేతికి అందే మొదటి సాధనం ఉపమ. "మన చార్మినారులాగా వున్నది" అంటాడు. "మన పెసరట్టు వంటిదే, కాని ఆ రుచి లేదు" అంటాడు. అనక తప్పదు. తెలిసినదానితో పోల్చకుండా తెలియనిదాన్ని తెలుపడం ఎవరి తరమూ కాదు. కాని మన ఆలంకారికులు ఉపమకు నాలుగు అంగాలు చెప్పినారు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. నాలుగూ వుంటే పూర్ణోపమ; ఏదైనా లోపిస్తే లుప్తోపమ. యాత్రారచనలో తరచు లోపించేది సమానధర్మం. కావ్యంలో ఈ లోపం శోభ కావచ్చును. ముఖం చంద్రునివలె వున్నదంటే, రెండింటినీ ఎరిగిన పాఠకుడు నడిమి ధర్మాన్ని తానే పూరించుకొంటాడు. యాత్రారచన చదివేవానికి ఉపమానం ఒక్కటే తెలుసు. ఉపమేయాన్ని అతడు ఎన్నడూ చూడలేదు. కనుక ధర్మం చెప్పని ఉపమ అతనికి చార్మినారునే మళ్ళీ చూపుతుంది. రచయిత వేల మైళ్ళు పోయి తెచ్చి యిచ్చినది ఇంట్లో వున్న వస్తువే.

పోలిక ఎక్కడ మొదలయినదో చెప్పినవాడు అది ఎక్కడ ముగిసినదో కూడ చెప్పాలి. ఉపమానోపమేయాల నడుమ వున్న భేదాన్ని చెప్పడానికి మన శాస్త్రంలో వేరే అలంకారమే వున్నది. దానికి వ్యతిరేకమని పేరు. మంచి యాత్రారచన ఉపమతో బయలుదేరి వ్యతిరేకంలో దిగుతుందని నా అభిప్రాయం. దీనికి కట్టడమూ, వంటా తగిన గీటురాళ్ళు. తక్కినవాటిని పటంలో చూచి వ్రాయవచ్చు. భవనం మనం చొరబడేది, అన్నం మనలో చొరబడేది. రెంటికీ శరీరం అక్కడ వుండితీరాలి.

ఈ ఆలోచన నాకు కలగడానికి నేను నివసించే వూరు ఒక కారణం. సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలిసేచోట, సాక్చీ అనే పల్లె వుండిన నేల మీద 1908లో ఉక్కు కార్ఖానా పని మొదలయినది. 1912లో మొదటి ఉక్కు దిమ్మె వెలువడినది. 1919లో వూరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినారు. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయినది. వెడల్పైన వీథులు, త్వరగా పెరిగే నీడచెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాలవారి ప్రార్థనాలయాలకూ చోటు వుండాలని జంషెడ్‌జీ టాటా 1902లోనే కుమారునికి వ్రాసివున్నాడు. వూరి మొదటి నమూనాను అమెరికాలోని పిట్స్‌బర్గ్ ఇంజనీర్లు గీసినారు. తర్వాత 1920లో టెంపుల్, 1936లో స్టోక్స్, 1940ల నడుమ జర్మనీ విడిచి వచ్చిన ఓటో కోనిగ్స్‌బర్గర్ దాన్ని దిద్దినారు. అంటే పరదేశపు వాస్తును చూడడానికి మేము ఓడ ఎక్కనక్కరలేదు. ఆ వాస్తువే మా దగ్గరకు వచ్చి ఎండకూ వానకూ అలవాటు పడినది. దానిలో కాపురానికి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చిన తెలుగువారిలో మా తాతగారు ఒకరు.

సభల నిమిత్తం మా వూరికి వచ్చే తెలుగు రచయితలు రెండు ప్రశ్నలు వేస్తారు. "ఇక్కడ చూడవలసినవి ఏమున్నవండీ?" అన్నది మొదటిది. "మన భోజనం దొరుకుతుందా?" అన్నది రెండవది. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరానికీ, జూబిలీ పార్కుకూ తీసుకొనిపోతాను. పార్కు చూచి, "మైసూరు బృందావనంలాగా వున్నదండీ" అంటారు. అది నిజమే. కార్ఖానా యాభైయేళ్ళ పండుగకు 1958లో నెహ్రూ ప్రారంభించిన ఆ తోటకు బృందావనమే నమూనా. కాని అక్కడితో మాట ఆగిపోతుంది. బృందావనం ఆనకట్ట పాదాల దగ్గర వున్నది. ఇది ఉక్కుబట్టీల పొరుగున వున్నది. పని ముగించుకొని వచ్చిన మనిషి పిల్లలతో గడ్డి మీద కూర్చొన్నపుడు ఆ తోట చేసే పని వేరు. ఆ వేరుదనాన్ని అడిగిన అతిథి నాకు ఇంకా తారసపడలేదు.

మన పూర్వులు ఇట్లా వుండలేదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినాడు. దక్షిణదేశంలో రైలు నడిచినది 1856లో. ఆయన ప్రయాణం పల్లకీలో, బోయీల భుజాల మీద. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు వ్రాసిన ఉత్తరాలే ఆయన గతించిన తర్వాత 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడినవి. ఆ గ్రంథం గొప్పతనం భక్తిలో వున్నదని కొందరు, చరిత్రలో వున్నదని కొందరు అంటారు. నాకు దాని మజిలీలలో కనిపిస్తుంది. ప్రతి మజిలీలోనూ ఆయన అడిగినవి ముందుగా చిన్న విషయాలే: నీళ్ళు ఎట్లా వున్నవి, దిగడానికి చోటున్నదా, అంగళ్ళలో ఏమి దొరుకుతుంది. నూరుమందికి అన్నం పెట్టవలసినవాడు గనుక అడిగినాడనవచ్చు. కారణం ఏదైనా ఫలితం సాహిత్యం. ఇంటికీ కాశికీ నడుమ ఎన్ని తరగతుల నీళ్ళున్నవో, ఎన్ని తీరుల ఇళ్ళున్నవో ఒక్కొక్క అడుగుగా తెలుస్తుంది. ఎక్కడ మన దేశం ముగిసి పరదేశం మొదలయినదో గీత గీయడానికి వీలుండదు. గీత లేకపోవడం వల్లనే భేదాలు స్పష్టంగా కనిపిస్తవి. విమానం ఈ మెట్లను తీసివేసినది. రాత్రి శంషాబాదులో కన్ను మూసి తెల్లవారి మరొక ఖండంలో తెరిచేవానికి ఆశ్చర్యమూ, ఆవకాయా తప్ప మిగిలేదేమున్నది?

పల్లకీ తిరిగి రాదు. ఆ మెట్లను కొంతవరకైనా కాపాడేది రైలుబండి. దీనికి నేను చూపదలచిన ఉదాహరణ తెలుగు గ్రంథం కాదు, వంగభాషలో సయ్యద్ ముజ్‌తబా అలీ వ్రాసిన ‘దేశే బిదేశే’. శాంతినికేతనంలో చదివిన అలీ 1927లో కాబూలుకు అధ్యాపకుడుగా పోయినాడు. 1929లో అక్కడ తిరుగుబాటు రాగా తిరిగివచ్చినాడు. పుస్తకం వెలువడినది 1949లో. అది హౌరా స్టేషనులో మొదలవుతుంది. బండిలో ఒక ఆంగ్లో-ఇండియన్ సహప్రయాణికుడు, తనకు కాబోయే భార్య కట్టి యిచ్చిన భోజనాన్ని పంచుకొందాం రమ్మంటాడు. అలీ దగ్గర కలకత్తా జకారియా వీథిలో కొన్న పొట్లాలున్నవి. ఇద్దరూ ఒక్కొక్కటి విప్పగా రెండు వైపులా అవే పదార్థాలు! ఆ యింటివంట ఏ అంగడిదో పాఠకుడు గ్రహించి నవ్వుకొంటాడు. ఇది హాస్యం మాత్రమే కాదు. నీది వేరు, నాది వేరు అనుకొన్నవారి నడుమ పూర్ణోపమ ఎట్లా పుడుతుందో రచయిత మొదటి పుటలలోనే చూపినాడు.

తర్వాత పంజాబు, పెషావరు, ఖైబరు కనుమ వస్తవి. ఒక్కొక్క చోట రొట్టె మారుతుంది, మర్యాద మారుతుంది. కాబూలులో వంటవాడు అబ్దుర్ రహమాన్ పలువురికి సరిపడే అన్నాన్ని ఒక్కనికి వడ్డించి, అతిథి సరిగా తినలేదే అని దిగులుపడతాడు. తన పంజ్‌షీర్ గాలినీ, నీటినీ, మంచునూ పొగుడుతాడు. అప్పటికి పాఠకుడు నాలుగు దేశాల తిండి తిని వచ్చివున్నాడు గనుక ఆ విందులో వున్న అపరిచితత్వం అతనికి బెదురు పుట్టించదు, ప్రేమగా అర్థమవుతుంది. గమనింపదగిన మరొక విషయమున్నది. అలీ పోయినది రైలులో, మోటారులో; తిరిగి వచ్చినది విమానంలో. పోయిన దారికి ఎన్నో ప్రకరణాలు పట్టినవి. తిరిగివచ్చిన దారికి ప్రకరణమే లేదు. విమానం లేవడంతో పుస్తకం ముగుస్తుంది. విమానానికి కథ లేదని ఆయన వాదింపలేదు, వ్రాతలో చూపినాడు.

ఆ పుస్తకాన్ని వంగభాషలో చదివిన కొద్దికాలానికి, 2019 జనవరిలో, నేనూ నా భార్యా రైలులో విదేశానికి పోయినాము. విదేశమంటే ఢాకా. కలకత్తాకూ ఢాకాకూ నడుమ 2008 నుంచి మైత్రీ ఎక్స్‌ప్రెస్ నడుస్తుండేది. టాటానగర్ నుంచి హౌరాకు దాదాపు 250 కిలోమీటర్లు. ఘాట్‌శిలా దాటి, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద తెలుగు వినబడి, హౌరాలో దిగితే ఎదుట 1943 నాటి వంతెన. దానిలోని 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు మా వూరిది. మరునాటి ఉదయం చిత్‌పూర్‌లోని కోల్‌కతా స్టేషనులో పాస్‌పోర్టులు చూపి బండి ఎక్కినాము. గేదే దగ్గర మన దేశం ముగిసి దర్శనా దగ్గర బంగ్లాదేశ్ మొదలయినది. కిటికీలో మాత్రం ఏమీ ముగియలేదు. ఇటు పూచిన ఆవచేలే అటూ పసుపుగా పూచివున్నవి. చెరువు, చెరువుగట్టున రేకుల ఇల్లు, ఇంటి వెనుక అరటి. 1915 నాటి హార్డింజ్ వంతెన మీద పద్మానదినీ, 1998 నాటి వంతెన మీద యమునానదినీ దాటేసరికి నదులు మాత్రం మన ఊహకు అందనంత వెడల్పైనవి. సాయంకాలానికి ఢాకా చేరినాము.

నేను పోయినది ముఖ్యంగా లూయీ కాన్ కట్టిన శాసనసభాభవనం కోసం. 1962లో ఆ పని ఆయనకు అప్పగించినపుడు అది పాకిస్తానుకు రెండవ రాజధాని. 1971 యుద్ధంలో పని ఆగినది. 1982లో పూర్తి అయ్యేసరికి అది స్వతంత్ర బంగ్లాదేశ్ పార్లమెంటు. కాన్ దాన్ని పూర్తిగా చూడలేదు. 1974లో అహమ్మదాబాదు నుంచి తిరిగిపోతూ న్యూయార్కులో ఒక రైల్వేస్టేషనులో మరణించినాడు. లోపలికి పోయే వీలు నాకు కలగలేదు. మాణిక్ మియా ఎవెన్యూ నుంచి, మంచు విడని ఉదయాన చూచినాను. బూడిదరంగు కాంక్రీటు గోడలు, వాటిలో పెద్ద పెద్ద వృత్తాలుగా, త్రికోణాలుగా తొలిచిన ఖాళీలు, చుట్టూ నీళ్ళు. నా చిన్న పుస్తకంలో వెంటనే వ్రాసుకొన్న వాక్యం యిది: "మన గోలకొండ కోటలాగా వున్నది."

ఆ రాత్రి మాకు ఆతిథ్యమిచ్చిన ఇంట, వంగసాహిత్యం బోధించే పెద్దాయన నా వాక్యాన్ని విని కాసేపు వూరకున్నారు. పిమ్మట, "కోట ఎవరిని లోపలికి రానీయకుండా వుండడానికి కడతారు, దాదా?" అని అడిగినారు. "శత్రువును" అన్నాను. "మరి ఇది ఎవరిని?" అన్నారు. సమాధానం చెప్పలేకపోయినాను. నలభై యేళ్ళుగా అలంకారశాస్త్రం చదివినవాణ్ణి, ధర్మలుప్తోపమలో పట్టుబడినాను.

మరునాడు మళ్ళీ పోయి నిలబడినాను. అప్పుడు కొంత తెలిసినది. బయట కనిపించే మందపు గోడ ఒక కవచం వంటిది. గదులు దానికి వెనుకగా వున్నవి. ఆ పెద్ద ఖాళీలు తిన్నగా కిటికీలు కావు. ఎండ వాటిలో దూరి, మెత్తబడి, ఆ తర్వాత గదులను చేరుతుంది. వాన బయటి గోడ మీదనే విరిగిపోతుంది. కోటగోడ శత్రువును ఆపుతుంది. ఈ గోడ వంగదేశపు ఎండనూ వాననూ ఆపుతుంది. కాపాడడం సమానధర్మం, ఎవరి నుంచి అన్నది వ్యతిరేకం. నా వాక్యం అబద్ధం కాదు, సగంలో ఆగిన వాక్యం.

ఇంకొకటి చూచినాను. గోడల పొడవునా అయిదేసి అడుగులకు ఒక తెల్లని పాలరాతి పట్టీ వున్నది. రోజుకు అయిదడుగుల మేర కాంక్రీటు పోసేవారట. ఒకనాటి పనికీ మరునాటి పనికీ నడుమ అతుకు పడక తప్పదు. ఆ అతుకును దాచడానికి ప్రయత్నింపక, దాని మీదనే పాలరాయి పొదిగినారు. వెదురు పరంజాల మీద తట్టలు మోసిన కూలీల ఒకరోజు శ్రమ ఎంతో, దేశపు అత్యున్నత సభాభవనం గోడ మీద కొలతగా నిలిచిపోయినది. కార్ఖానా కూతతో రోజును మూడు భాగాలుగా కొలిచే వూరివాణ్ణి గనుక ఆ గీతలు నన్ను కదిలించినవి. ఈ పోలికకు నేను సిగ్గుపడను. అందులో ధర్మం చెప్పబడివున్నది.

ఢాకాలో చూడవలసిన పేరు కాన్ ఒక్కనిదే కాదు. ఆయనను పిలిపించినవాడు ముజహరుల్ ఇస్లాం. తనకు దక్కవలసిన పనిని విడిచి, లోకంలో మేలైనవానికి యిప్పించిన వాస్తుశిల్పి. ఆయన 1950లలో కట్టిన లలితకళాశాల ఎర్ర ఇటుకలతో, గాలికి తెరచుకొని, చెట్లను కొట్టకుండా వాటి చుట్టూ వంగి వుంటుంది. ఆయన లండనులో ఉష్ణదేశ వాస్తును అభ్యసించినాడు; ఆ విద్యాశాఖను తర్వాత నడిపినవాడు మా వూరి నమూనా దిద్దిన కోనిగ్స్‌బర్గరే. జంషెడ్‌పూర్ నీడచెట్లకూ ఢాకా ఇటుకలకూ లండను మీదుగా ఇట్లాంటి చుట్టరికం వున్నది. ఇది తెలియకముందు రెండు వూళ్ళూ నాకు వేరువేరు దేశాలు.

ఇక విందు మాట. ఆతిథేయుల ఇంట ఆవపిండితో వండిన ఇలిశ చేప వడ్డించినారు. నా భార్య మొదటి ముద్దకే, "ఇది మన ఇలస కాదూ!" అన్నది. ఈసారి ఉపమ కాదు, తాదాత్మ్యమే. సముద్రంలో వున్నంతకాలం మన తీరంవారు ఇలస అనేది, వానకాలపు వరదకు ఎదురీది గోదావరిలో ప్రవేశించగానే పులస అవుతుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలని సామెత కట్టించుకొన్న చేప అది. అదే చేప పద్మానదిలోకి ఎదురీదితే ఇలిశ. చేప ఒకటి, పేరు దాదాపు ఒకటి, ప్రయాణం ఒకటి. ఇంత సామ్యం వున్నచోట కూడ భేదం ఎంత! గోదావరి గట్టున దాన్ని చింతపండు పులుసులో బెండకాయలు వేసి, సన్నని మంట మీద కాచి, మరునాటికి వూరనిచ్చి తింటారు. పద్మ గట్టున ఆవఘాటులో వండి అప్పటికప్పుడే తింటారు. ఒకరు కాలంతో వండుతారు, ఒకరు ఘాటుతో. "మన పులుసు ముందు ఇదేపాటి?" అన్నవాడు ఆ ఇల్లాలి వంటనూ ఎరుగడు, మన పులుసునూ ఎరుగడు. కచ్చీ బిర్యానీ అయినా అంతే. హైదరాబాదులోనూ ఢాకాలోనూ పచ్చిమాంసాన్నే బియ్యంతో కలిపి దమ్ము పెడతారు. ఢాకాలో బంగాళదుంప చేరుతుంది. ఆ దుంప దగ్గర ఆగి కోపగించుకోవడమా, రుచి చూడడమా అన్నదే యాత్రికునికి పరీక్ష.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. కట్టడాలు చూడడం, విందులు తినడం తీరికవున్నవారి విలాసం కాదా? మన తెలుగువారిలో ఎక్కువమంది రైలెక్కినది పొట్ట చేతపట్టుకొని గదా? ఆక్షేపణ న్యాయమైనదే. మా తాతగారు టాటానగర్‌లో దిగినది వాస్తును ఆస్వాదించడానికి కాదు. కాని ఆ తరం చేసిన పనిని తేరిపార చూడండి. కంపెనీ కట్టించిన ఇల్లు పరాయి చేతి గీత. దాని వరండాలో తులసికోట కట్టుకొన్నారు. పొరుగున వున్న వంగస్త్రీ దగ్గర మా నాయనమ్మ ఆవపెట్టి వండడం నేర్చుకొన్నది. ఆమెకు చింతపండు పులుసు నేర్పినది. మా ఇంట ఆదివారం రెండు గిన్నెలుండేవి, ఒకదానిని మరొకదానితో కలిపేవారు కారు, తక్కువచేసేవారూ కారు. చదువురాని నాయనమ్మ పోలికనూ భేదాన్నీ రెండు గిన్నెలలో చక్కగా వుంచగలిగినది. ఎం.ఏ. చదివిన మనుమడు గోలకొండ దగ్గర తడబడినాడు. విలాసమన్నది తినడంలో లేదు, తిన్నదాన్ని గూర్చి అజాగ్రత్తగా వ్రాయడంలో వున్నది.

అనువాదకుడుగా నాకు దీనిలో వేరొక స్వార్థం కూడ వున్నది. పరభాషలోని మాటకు తెలుగుమాట పెట్టినపుడల్లా నేను చేస్తున్నది ఉపమే. భర్తాను పచ్చడి అంటే సగం నిజం. బాకర్‌ఖానీని రొట్టె అంటే పావు నిజం. మిగిలిన భాగాన్ని వాక్యంలో ఎక్కడో ఒకచోట చెల్లించకపోతే పాఠకునికి ఋణపడిపోతాను. యాత్రారచయిత ఋణం కూడ ఇటువంటిదే. అతడు దేశాన్ని అనువదిస్తున్నాడు.

2024 జులైలో, బంగ్లాదేశ్ అల్లర్ల వేళ, మైత్రీ ఎక్స్‌ప్రెస్ ఆగిపోయినది. మాకు ఇలిశ వడ్డించిన ఇంటికి పోవాలంటే ఇక ఆ బండి లేదు. బళ్ళు ఆగిన కాలంలో రెండు దేశాల నడుమ మిగిలేది వ్రాసిన పుట. ఆ పుటలో "అంతా మనలాగే" అని వున్నా, "ఏదీ మనలా లేదు" అని వున్నా, చదివినవాడు గడప దాటడు. ఎంతవరకు మనలాగ, ఎక్కడినుంచి కాదు అన్నది వున్నపుడే ఆ పుట దారి అవుతుంది. నా చిన్న పుస్తకంలో గోలకొండ వాక్యాన్ని కొట్టివేయలేదు. దాని కింద రెండవ వాక్యం వ్రాసివుంచినాను. కాన్ గోడమీది తెల్లని పట్టీవలె, అక్కడ అతుకు కనిపిస్తూనే వుంటుంది.